మెత్తటి వినైల్ షీటా, ఎస్‌పీసీనా, నాపరాయా: పాకే పిల్లోడున్న ఇంటికి ఏది వేస్తే మేలు

మొన్న ఏప్రిల్లో మా అక్కావాళ్ళు తిరుపతి కొర్లగుంటలో ఒక మిద్దె పైన పోర్షన్లోకి మారినారు. పాత ఇల్లు, కింద గచ్చు, అక్కడక్కడా పెచ్చులు లేచిపోయి ఉంది, ఓనరేమో బండలు వేయడానికి టైల్స్ వేయడానికి ఒప్పుకోడు, కావాలంటే పైన ఏమైనా పరుచుకోండి అనేసినాడు. చిన్నోడికి ఎనిమిది నెలలు, ఇల్లంతా పాకుతా దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటా ఉంటాడు, ఆ పెచ్చుల మీద మోకాళ్ళు గీరుకుపోతాయని బావ ఒక షాపుకి పోయి చెక్క డిజైన్ రోల్ ఒకటి తెచ్చి పరిచేసినాడు. షాపాయన దాన్ని లినోలియం అని చెప్పి ఇచ్చినాడంట. చూడ్డానికి బాగుంది, చౌక కూడా. రెండు రోజులు తలుపులు మూసి ఊరికి పోయి వచ్చేసరికి గదంతా కొత్త రెయిన్‌కోటు వాసన, అక్క ఫోన్ చేసి "నువ్వు కంపెనీలో ఇట్లాంటివన్నీ కొనేవాడివి గదరా, ఇది పిల్లోడికి మంచిదేనా, చూసి చెప్పు" అనింది.

నేనేం కెమిస్టుని కాను. అంబత్తూరులో ఒక కేబుల్ కంపెనీలో నాలుగేళ్ళు పర్చేజ్‌లో పని చేసినా, డ్రమ్ముల కొద్దీ డీఓపీ, అంటే ప్లాస్టిక్‌ని మెత్తగా చేసే నూనె, ఆర్డర్ పెట్టినా, అంతే. అయినా ఆ నాలుగేళ్ళ వల్ల ఒక సంగతి మాత్రం బాగా అర్థమైంది, ఫ్లోరింగ్ షాపుకి పోయి "వినైల్ మంచిదా కాదా" అని అడిగితే ఉపయోగం లేదు, "దీన్ని మెత్తగా చేసింది ఏంది" అని అడగాలి. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

ఎందుకంటే మీ బోరు నుంచి ట్యాంకుకి పోయే గట్టి పైపూ, మా అక్క ఇంట్లో చుట్టలా చుట్టుకుపోయే షీటూ రెండూ పీవీసీనే, షాపుల్లో వినైల్ అనేది కూడా దీన్నే. పీవీసీ దానంతటది గట్టిగా, పెళుసుగా ఉంటుంది. 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ అనే ఆయన దాంట్లో నూనె లాంటి ద్రవం కలిపి వేడి చేస్తే రబ్బరు మాదిరి సాగుతుందని కనిపెట్టినాడు, ఆ ద్రవమే ప్లాస్టిసైజర్. మన భాషలో చెప్పాలంటే ఓళిగ పిండిలో నూనె. నూనె పోసి నానబెడితే పిండి అరచేతిలో ఎట్లా కావాలంటే అట్లా సాగుతుంది గదా, కానీ ఆ నూనె పిండితో కలిసి వేరే పదార్థం అయిపోదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుంది అంతే, పేపర్ మీద పెడితే పేపర్‌కి నూనె దిగిపోతుంది. ఇక్కడ కూడా అంతే. పీవీసీకి ప్లాస్టిసైజర్‌కి మధ్య రసాయన బంధం ఏమీ లేదు, కాబట్టి ఏళ్ళ తరబడి మెల్లగా బయటికి వస్తానే ఉంటుంది. మెత్తటి షీటు బరువులో తక్కువలో తక్కువ పదో వంతు, బాగా మెత్తటి సరుకైతే మూడో వంతు దాకా ఈ నూనే ఉండొచ్చు.

నమ్మకం లేకపోతే మీ ఇంట్లోనే చూడండి. రేషన్ కార్డు జిరాక్సు మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఏడాది తర్వాత తీస్తే అక్షరాలు కవర్‌కి అంటుకుని వచ్చేస్తాయి చూడండి, అది కవర్లోని ప్లాస్టిసైజర్ చేసే పనే. థర్మాకోల్ షీటుకి ఆనుకుని కరెంటు వైరు చాలా రోజులు ఉంటే థర్మాకోల్ కరిగి గాడి పడుతుంది, అది కూడా వైరు తొడుగులో నుంచి వచ్చిన నూనే. పాత బండి సీటు కవరు గట్టిపడి పగిలిపోతుందే, దాంట్లో నూనె పోయింది కాబట్టి. కాబట్టి షీటులో నుంచి బయటికి వస్తుందా రాదా అని వాదించే పని లేదు, వస్తుంది. ఏది వస్తుంది, ఎంత వస్తుంది అన్నదే ప్రశ్న.

ఏది వస్తుంది అంటే ఎక్కువ కాలం వాడింది థాలేట్లు. మన మార్కెట్లో డీఓపీ అంటారు, సైన్సు పుస్తకాల్లో డీఈహెచ్‌పీ అని రాస్తారు, రెండూ ఒకటే. దానికి చుట్టాలు డీబీపీ, బీబీపీ, డీఐబీపీ, కొంచెం పెద్ద అణువులు డీఐఎన్‌పీ, డీఐడీపీ. వీటన్నిటినీ కలిపి ఆర్థో థాలేట్లు అంటారు, ఈ ఆర్థో అన్న మాట గుర్తు పెట్టుకోండి, కింద షాపాయనతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. డీఈహెచ్‌పీ, డీబీపీ, బీబీపీ, డీఐబీపీ ఈ నాలుగూ పునరుత్పత్తికి హాని చేసేవని యూరప్ వాళ్ళు వర్గీకరించినారు, ముఖ్యంగా మగ పిల్లల హార్మోన్ల మీద పని చేస్తాయని. 2020 జులై 7 నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో, ఫ్లోరింగ్‌తో సహా, ఈ నాలుగూ కలిపి నూటికి 0.1 వంతు దాటకూడదు. అమెరికాలో పిల్లల బొమ్మలకి 2008 చట్టంతోనే ఇదే 0.1 లెక్క వచ్చింది. అక్కడి హోమ్ డిపో అనే పెద్ద షాపుల సంస్థ 2015లో తన వినైల్ ఫ్లోరింగ్ నుంచి ఆర్థో థాలేట్లు తీయించేస్తామని ప్రకటించింది, ఒక షాపు గట్టిగా అడిగితే ఫ్యాక్టరీలు ఫార్ములా మార్చుకున్నాయి, అంటే ఇది చేతకాని పనేమీ కాదు. మన దగ్గర బొమ్మలకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసినారు, ఆ స్టాండర్డులో థాలేట్ల పరిమితి కూడా ఉంది. అంటే పిల్లోడి చేతిలో గిలక్కాయకి లెక్క ఉంది, వాడు రోజంతా దొర్లే నేలకి మాత్రం నేను తిరిగిన షాపుల్లో ఏ రోల్ మీదా అట్లాంటి గుర్తు కనపళ్ళేదు.

పిల్లోళ్ళ విషయం ఎందుకు పదే పదే చెప్తున్నానంటే ఈ నూనె గాల్లో పెట్రోలులా ఎగిరిపోయే రకం కాదు, మెల్లగా వచ్చి దుమ్ముకి అంటుకుంటుంది, ఆ దుమ్ము నేల మీద ఉంటుంది, పాకేవాడు చేతులతో తుడిచి నోట్లో పెట్టుకుంటాడు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో చెప్పిన లెక్క ఏందంటే, ఇల్లంతా వినైల్ ఫ్లోరింగ్ ఉన్న పిల్లల మూత్రంలో బీబీపీ తాలూకు పదార్థం, వినైల్ లేని ఇళ్ళ పిల్లలతో పోలిస్తే 15 రెట్లు ఎక్కువ ఉంది. అంతకు ముందు 2004లో స్వీడన్‌లో ఇంటి దుమ్ములో థాలేట్లు ఎక్కువున్న చోట పిల్లల్లో ఆస్తమా, అలర్జీ లక్షణాలు కూడా ఎక్కువ కనిపించినాయి. కనిపించినాయి అన్నానే గాని దానివల్లే వచ్చినాయి అనలేదు, రెండిటికీ తేడా ఉంది, ఊరికే భయపడి ఈ రాత్రే షీటు పీకేయాల్సిన పని లేదు. ఇంకో మంచి మాట ఏందంటే థాలేట్లు ఒంట్లో పేరుకుపోయే రకం కాదు, ఒకటి రెండు రోజుల్లో చాలా వరకు బయటికి పోతాయి, కాబట్టి మూలం తీసేస్తే ఫలితం తొందరగానే ఉంటుంది.

ఇక మన ఊరి సంగతి. డెన్మార్క్ పరిశోధకులు 2012లో ఒక పీవీసీ ఫ్లోరింగ్ ముక్కని వేర్వేరు వేడిలో పెట్టి పైన గాలిలో డీఈహెచ్‌పీ ఎంత చేరుతుందో కొలిచినారు. 23 డిగ్రీల దగ్గర క్యూబిక్ మీటరుకి 0.9 మైక్రోగ్రాములు, 35 డిగ్రీలకి 10, ఇక 61 డిగ్రీలకి 198. వాళ్ళకి 35 అంటే ప్రయోగం, మనకి 35 అంటే ఫిబ్రవరి చివర. మే నెల్లో తిరుపతిలో మిద్దె మీద పోర్షన్, పైన కాంక్రీటు స్లాబు ఎండకి కాగిపోయి రాత్రి పదకొండింటికి కూడా వేడి దించుతా ఉంటుంది, పడమటి కిటికీలో నుంచి ఎండ నేరుగా షీటు మీద పడితే ఆ చోట కాలు పెట్టలేం. వాళ్ళ దేశంలో "పరవాలేదు" అన్న సరుకు మన నేల మీద అదే విధంగా ఉంటుందని అనుకోకూడదు, నా మట్టుకు నాకు ఈ ఒక్క లెక్క చాలు.

ఇంకోటి, తడి. కొత్త స్లాబు పూర్తిగా ఆరక ముందే వినైల్ అతికిస్తే, లేదా కింద నుంచి చెమ్మ వచ్చే నేల మీద వేస్తే, సిమెంటులో ఉండే క్షారం ఆ నీళ్ళతో కలిసి డీఈహెచ్‌పీని విరగ్గొడుతుంది, అప్పుడు ఒక రకం ఆల్కహాలు వాసన వస్తుంది, ఎంత తుడిచినా పోదు. కొత్తగా కట్టుకున్న ఇళ్ళలో హడావిడిగా గృహప్రవేశానికి ముందు షీటు వేయించేవాళ్ళు ఇది చూసుకోవాలి. ఒక పాలిథీన్ ముక్క నేల మీద నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు ఉంచి తీయండి, లోపల నీటి బొట్లు కనపడితే ఇంకా ఆరలేదని అర్థం.

సరే, ఏం ఉన్నాయి మన ముందర.

మీ సొంత ఇల్లు అయితే, నేల తీసి వేయించే వీలుంటే, నా మాట ఒకటే, రాయి వేయించండి. మన సీమలో పుట్టినోళ్ళకి రాయి గురించి ఒకరు చెప్పాలా. బేతంచెర్ల బండలు, కడప నల్ల రాయి, మన చిత్తూరు జిల్లా గ్రానైట్, ప్లాస్టిసైజర్ సున్నా, వాసన సున్నా, ఎండాకాలం మధ్యాహ్నం కింద పడుకుంటే హాయి. మా తాత వేయించిన నాపరాళ్ళ మీద మా అమ్మ పాకింది, మేం పాకినాం, ఇప్పటికీ పాలిష్ పట్టిస్తే మెరుస్తాయి, పర్యావరణం పర్యావరణం అంటారే, ఇంతకంటే ఏం కావాలి, దగ్గర్లో తీసి, కోసి, పరిచి, రెండు మూడు తరాలు నడిచేది. విట్రిఫైడ్ టైల్స్ కూడా ఈ విషయంలో నిశ్చింతే, కాకపోతే వాటిని 1200 డిగ్రీల దగ్గర్లో కాల్చాలి, పైగా ఎక్కువ భాగం గుజరాత్ మోర్బీ నుంచి లారీల్లో రావాలి, కాబట్టి పచ్చదనం లెక్క వేస్తే రాయిదే పైచేయి. రాయికి రెండు చిక్కులు, తడిస్తే జారుతుంది, పిల్లోడు వెనక్కి పడితే తల గట్టిగా తగుల్తుంది. ఇంకా నాపరాయి సున్నపురాయి జాతి కాబట్టి బాత్రూమ్ యాసిడ్ పోసి కడగొద్దు, మచ్చలు పడిపోతాయి.

అద్దె ఇల్లు, ఓనరు ఒప్పుకోడు అనుకోండి, అందరూ మర్చిపోయేది ఒకటుంది, గచ్చుని బాగు చేయించడం. ఒక బేల్దారిని పిలిచి పెచ్చులు లేచిన చోట చెక్కి మళ్ళీ సిమెంటు పూయించి నున్నగా చేయిస్తే రెండు రోజుల పని, ఓనర్లు దీనికి ఎవరూ అడ్డు చెప్పరు, ఇంకా సంతోషిస్తారు. దాని మీద తుంగ చాపో ఈత చాపో పరిస్తే చాలు. అందంగా ఉండదు అంటారు కొందరు. అది వాళ్ళిష్టం, నాకైతే చాప అందమే.

లేదు, షీటే కావాలి అంటే ఇప్పుడు జాగ్రత్తగా వినండి, షాపులో వినైల్ అనే మాట కింద మూడు రకాల సరుకు అమ్ముతారు, మూడూ ఒకటి కాదు.

మొదటిది రోల్. దీన్నే వినైల్ కార్పెట్ అంటారు, పీవీసీ మ్యాట్ అంటారు, లినోలియం అని కూడా అనేస్తారు. అన్నిటికంటే చౌక, అడుగు 30, 40 రూపాయల దగ్గర నుంచి నాకు రేటు చెప్పినారు, అన్నిటికంటే మెత్తన, కాబట్టి నూనె ఎక్కువ. చౌక రోల్స్‌లో ఇంకో తలనొప్పి కూడా ఉంది, పాత ప్లాస్టిక్ కరిగించి కింద పొరల్లో కలుపుతారు, ఆ పాత సరుకులో ఏ కాలం నాటి డీఓపీ ఉందో, సీసం లాంటివి ఏం కలిసినాయో ఎవరికీ లెక్క ఉండదు. పీవీసీ పైపుల్లో సీసం తగ్గించడానికి కేంద్రం 2021లో ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది అంటే, అంతకు ముందు ఏం వాడేవాళ్ళో మీరే ఊహించుకోండి. ఖర్చు తగ్గించడానికి ప్లాస్టిసైజర్‌లో కొంత భాగం క్లోరినేటెడ్ పారఫిన్ కూడా కలుపుతారు, మా పర్చేజ్‌లో సీపీడబ్ల్యూ అనేవాళ్ళం, డీఓపీ కంటే బాగా చౌక. దాంట్లో పొట్టి గొలుసు రకాన్ని 2017లో స్టాక్‌హోమ్ ఒప్పందం (తొందరగా విరగని విష రసాయనాల మీద దేశాలు చేసుకున్నది) కింద నిషేధాల పట్టికలో చేర్చినారు, ఎందుకంటే అది థాలేట్ల మాదిరి రెండ్రోజుల్లో పోయే రకం కాదు, ఒంట్లో కొవ్వులో, మట్టిలో, నీళ్ళలో అట్లాగే ఉండిపోతుంది. పాకే పిల్లోడున్న గదిలో అడ్రస్ లేని చౌక రోల్ మాత్రం వేయొద్దు. ఇది ఒక్కటి గట్టిగా చెప్తున్నా.

రెండోది ఎల్‌వీటీ, అంటే లగ్జరీ వినైల్ టైల్, పలకలు పలకలుగా వస్తుంది, గమ్ముతో అతికిస్తారు. రోల్ కంటే మందం, మన్నిక ఎక్కువ, కానీ వంచితే వంగుతుంది, వంగుతుంది అంటే లోపల నూనె ఉన్నట్టే. మంచి కంపెనీ అయితే థాలేట్ లేని రకం దొరుకుతుంది, కాగితం అడగాలి. గమ్ము సంగతి కూడా చూసుకోవాలి, నీళ్ళ ఆధారంగా చేసిన గమ్ము అడగండి, సాల్వెంట్ గమ్ముకి వారం రోజులు ఇంట్లో తల పగిలిపోతుంది.

మూడోది ఎస్‌పీసీ. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి గట్టిగా నొక్కిన పలక. బరువులో సగం పైనే రాతి పొడి ఉంటుంది, మధ్య పొర గట్టి పీవీసీ కాబట్టి దాంట్లో మామూలుగా ప్లాస్టిసైజర్ వేయరు, వేయాల్సిన అవసరం లేదు. పైన డిజైన్ ఫిల్మ్, దాని మీద అరుగుదల పొర ఉంటాయి, వాటిలో కొంచెం ఉండొచ్చు, అయినా రోల్‌తో పోలిస్తే మొత్తం నూనె చాలా తక్కువ. అద్దె ఇళ్ళ వాళ్ళకి దీంట్లో అసలు లాభం ఏందంటే గమ్ము లేకుండా ఒకదానికొకటి క్లిక్ చేసి బిగిస్తారు, ఇల్లు మారేటప్పుడు విప్పుకుని పోవచ్చు. కాకపోతే రేటు రోల్‌కి మూడు నాలుగింతలు ఉంటుంది, కింద నేల సమంగా ఉండాలి, ఎగుడు దిగుడు గచ్చు మీద వేస్తే ఆరు నెలల్లో క్లిక్కులు విరిగిపోతాయి, మళ్ళీ బేల్దారిని పిలవాల్సిందే. అంటే ఎట్లా చూసినా గచ్చు బాగు చేయించడం తప్పదు, అదేదో ముందే చేయించుకుంటే ఎస్‌పీసీ అవసరమే రాకపోవచ్చు. షాపువాళ్ళు ఈ మాట చెప్పరు.

ఇప్పుడు అసలు లినోలియం గురించి, ఎందుకంటే మా బావని పడేసింది ఆ పేరే. నిజమైన లినోలియంలో పీవీసీ అసలు ఉండదు. 1860లలో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన అవిసె నూనెని గాలికి ఆరబెట్టి గట్టిపరిచి, దాంట్లో చెట్టు బంక, కార్క్ పొడి, చెక్క పొడి కలిపి జనపనార గుడ్డ మీద పూసి తయారు చేసినాడు, ఆ పేరులోనే అవిసె ఉంది. ఇక్కడ కూడా నూనే ఉంది, కానీ ఈ నూనె ఆరిపోయి తనే గట్టి పదార్థంగా మారిపోతుంది, ఓళిగ పిండిలో నూనెలా ఊరికే ఇరుక్కుని ఉండదు, తలుపులకి పూసే అవిసె నూనె ఆరి పొర కట్టినట్టు. ఫోర్బో, టార్కెట్ లాంటి యూరప్ కంపెనీలు ఇప్పటికీ చేస్తున్నాయి. పచ్చదనంలో దీనికి పోటీ లేదు, కానీ తిరుపతిలో ఏ షాపులోనైనా లినోలియం అడిగితే నూటికి తొంభై తొమ్మిది సార్లు పీవీసీ రోలే ఇస్తారు, అసలైనది కావాలంటే చెన్నైలోనో బెంగళూరులోనో డీలర్‌ని పట్టుకోవాలి, వేసేవాడిని కూడా అక్కడి నుంచే తెచ్చుకోవాలి. కొత్తలో దానికీ నూనె వాసన ఉంటుంది. మనోళ్ళు వాడే వాషింగ్ సోడా, ఘాటు క్లీనర్లు దానికి పడవు, క్షారం తగిలితే పాడైపోతుంది. స్కూలుకో డాక్టరు గదికో పెద్ద పని అయితే ఆలోచించండి, రెండు గదుల ఇంటికి అంత తిప్పలు నాకైతే దండగ అనిపిస్తుంది. షాపులో తేడా తెలియాలంటే వెనక వైపు తిప్పి చూడండి, నిజమైన దాని వెనక జనపనార నేత కనపడుతుంది, పీవీసీ రోల్ వెనక తెల్ల ఫోమో, బూడిద రంగు దూది లాంటిదో ఉంటుంది.

కార్క్ ఫ్లోరింగ్, వెదురు పలకలు, లామినేట్ కూడా ఉన్నాయి. లామినేట్‌కి మన బకెట్ నీళ్ళ తుడుపు పడదు, అంచులు ఉబ్బిపోతాయి, పైగా లోపల చెక్క పొడిని పట్టి ఉంచే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. మిగతా రెండూ బాగానే ఉంటాయి గాని రేటు చూస్తే మన లాంటోళ్ళకి కాదు.

సరే వినైలే తీసుకుంటున్నారు, అప్పుడు థాలేట్‌కి బదులు ఏం వేసి ఉంటే మంచిది అన్నది చూద్దాం. ఇప్పుడు ఎక్కువగా వాడేది డీఓటీపీ. పేరు వినగానే ఇది కూడా థాలేటే గదా అనిపిస్తుంది, షాపుల్లో కూడా ఈ గందరగోళం ఉంది. దీని పూర్తి పేరులో టెరెఫ్తాలేట్ అని ఉంటుంది, డీఓపీకి దీనికి పరమాణువుల లెక్క అచ్చంగా ఒకటే, కాకపోతే రెండు చేతులు పక్కపక్కన ఉంటే డీఓపీ, ఎదురెదురుగా ఉంటే డీఓటీపీ. ఆ చిన్న తేడాతోనే ఒంట్లో విరిగే పద్ధతి మారిపోతుంది, డీఓపీకి ఉన్న హార్మోన్ల గొడవ దీనికి కనపళ్ళేదు. రేటు కూడా దగ్గర దగ్గరే, అందుకే ఫ్యాక్టరీలు సులభంగా మారగలిగినాయి. రెండోది డించ్, బీఏఎస్ఎఫ్ వాళ్ళు 2002లో తెచ్చినారు, బొమ్మలకి, ఆసుపత్రి ట్యూబులకి వాడతారు, ఖరీదు. మూడోది నిమ్మ ఉప్పు తాలూకు ఏటీబీసీ, బొమ్మల్లో బాగా వాడతారు. ఇవన్నీ సేఫ్ అనొచ్చు గాని పచ్చవి అనలేం, డీఓటీపీ, డించ్ రెండూ మామూలుగా పెట్రోలియం నుంచే వస్తాయి.

మొక్కల నుంచి వచ్చేవి వేరే. సోయా నూనెతో చేసే ఈఎస్‌బీఓ పాత చుట్టమే, కానీ ఒంటరిగా సరిపోదు, ఎక్కువ వేస్తే పైకి తేలి జిడ్డు పడుతుంది, వేరేదానికి తోడుగా కొంచెం వేస్తారు. నాకు ముచ్చటగా అనిపించేది ఆముదం. ఆముదం నూనెని మార్చి ప్లాస్టిసైజర్‌గా యూరప్‌లో అమ్ముతున్నారు, ప్రపంచంలో ఆముదం ఎక్కువ పండేది మన దేశంలోనే, ఎక్కువగా గుజరాత్‌లో, మన సీమ మెట్ట చేలల్లో కూడా వేరుశనగ మధ్యలో గట్ల మీద ఆముదం చెట్లు చూడని వాళ్ళు ఎవరు. మన గింజ పోయి అక్కడ పచ్చ ఫ్లోరింగ్ అయి ఖరీదైన సరుకుగా తిరిగొస్తే మనం డబ్బులు పెట్టి కొనాలి, ఇది వేరే బాధ. ఒక మాట మాత్రం, నూనె మొక్కదైనా షీటు పీవీసీనే, తయారు చేసేటప్పుడు వాడే వినైల్ క్లోరైడ్ క్యాన్సర్ కారకమే, పారేసి తగలబెడితే వచ్చే పొగ విషమే. "బయో వినైల్" అని రాసి ఉన్నంత మాత్రాన నాపరాయికి సమానం అయిపోదు.

షాపులో ఏం అడగాలి అంటే, "థాలేట్ ఫ్రీనా" అని అడిగితే అందరూ అవునంటారు. "ఆర్థో థాలేట్ లేదని టెస్ట్ రిపోర్ట్ ఉందా" అనండి. రిపోర్టులో డీఈహెచ్‌పీ, డీబీపీ, బీబీపీ, డీఐబీపీ మాత్రమే ఉంటే సగం పనే అయినట్టు, రీచ్ అనే ఆ యూరప్ రూల్‌కి ఆ నాలుగు చాలు, అందుకే "రీచ్ కంప్లయంట్" అని రాసిన సరుకులో డీఐఎన్‌పీ హాయిగా ఉండొచ్చు. డీఐఎన్‌పీ, డీఐడీపీ కూడా 0.1 లోపు ఉన్నాయా చూడండి. లో వీఓసీ, ఫ్లోర్‌స్కోర్ అనే స్టిక్కర్లు చూపిస్తారు, అవి కొత్త వాసన గ్యాసుల గురించి, ఇట్లా మెల్లగా ఏళ్ళ తరబడి వచ్చే నూనె గురించి కాదు, మంచి స్టిక్కర్లే గాని మన ప్రశ్నకి జవాబు కాదు. రిపోర్ట్ లేదు అంటే వాదన పెట్టుకోకుండా శాంపిల్ ముక్క అడిగి తెచ్చుకోండి, గాజు సీసాలో వేసి మూత పెట్టి మధ్యాహ్నం ఎండలో రెండు గంటలు పెట్టి తీసి వాసన చూడండి. ఇది సైన్సు కాదు, థాలేట్లకి పెద్దగా వాసన కూడా ఉండదు, కానీ గుప్పుమని కొట్టే సరుకు తయారీ శుభ్రంగా లేనిదని మాత్రం తెలుస్తుంది, మా కంపెనీలో సరుకు నాణ్యత చూసే క్యూసీ ఆయన కూడా ముందు ముక్కుతోనే మొదలుపెట్టేవాడు.

జిమ్ములకి, ల్యాబులకి, ఆపరేషన్ థియేటర్లకి వినైల్ షీటు వేయడంలో న్యాయం ఉంది, అతుకులు కరిగించి కలిపేస్తారు కాబట్టి క్రిములు చేరవు, అక్కడ మంచి గ్రేడ్ తీసుకుంటే సరిపోతుంది. పసిపిల్లలున్న ఇంటికి ఆ అవసరం లేదు.

పిల్లల మ్యాట్ల గురించి కూడా చాలామంది అడుగుతారు. నంబర్లు, అక్షరాలు ఉండే పజిల్ మ్యాట్లు ఎక్కువగా ఈవీఏ ఫోమ్, దానికి ప్లాస్టిసైజర్ అక్కర్లేదు, కానీ 2010లో బెల్జియం, ఫ్రాన్స్ వాళ్ళు ఫోర్మమైడ్ అనే పదార్థం గొడవతో వాటిని ఆపేసినారు, కాబట్టి కొన్నాక వారం రోజులు బయట గాలికి ఆరేసి వాడండి. మెత్తగా బరువుగా ఉండే రంగుల పీవీసీ ప్లే మ్యాట్ అయితే షీటుకి చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి. దుప్పటి, బొంత, చాప, ఇవి కడుక్కోవచ్చు, ఎండలో వేసుకోవచ్చు.

ఆల్రెడీ రోల్ వేసేసినాం, ఇప్పటికిప్పుడు మార్చలేం అనే వాళ్ళు రోజూ తడి గుడ్డతో తుడవండి, పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ పడుతుంది. కిటికీలు తెరిచి పెట్టండి, ఎండ పడే చోట కర్టెన్ వేయండి, పిల్లోడికి అన్నం పెట్టే ముందు చేతులు కడగండి. రబ్బరు అడుగు ఉన్న డోర్ మ్యాట్లు వినైల్ మీద వేయొద్దు, పసుపు మచ్చలు పడి పోవు. పాకే చోట దాని మీద మందపాటి చాప వేయండి.

మా అక్కావాళ్ళు చివరికి ఓనరుతో మాట్లాడి హాలు, పడక గది గచ్చు బాగు చేయించుకున్నారు, బేల్దారి కూలి, సిమెంటు, ఇసుక అన్నీ కలిపి ఆ రోల్‌కి పెట్టినదానికంటే కొంచెమే ఎక్కువైంది, ఓనరు సగం పెట్టుకున్నాడు కూడా. పైన ఈత చాపలు. రోల్ చుట్టి మిద్దె మీద మెట్ల పక్కన నిలబెట్టినారు. బావ మొన్న ఆదివారం పాత సామాన్ల బండాయన్ని పిలిచి తీసుకుపోమంటే ఆయన వేలితో ఒకసారి గోకి చూసి, "పైపులైతే తూకం వేస్తాన్నా, ఇది యాడా తీసుకోరు" అని బండి తోసుకుంటా పోయినాడు.